ఆ రాళ్ళు మోసినవాళ్ళకూ ఒక గోడ ఇవ్వండి

ముంబైలోని మ్యూజియంల ట్రస్టీలకు, కళా గ్యాలరీల నిర్వాహకులకు, మహారాష్ట్ర పురావస్తు, వస్తుసంగ్రహాలయాల శాఖ అధికారులకు, నగర వారసత్వ కట్టడాల కమిటీ సభ్యులకు,

నమస్కారం.

మాది సిరొంచ. గడ్చిరోలి జిల్లాకు దక్షిణాన చిట్టచివరి తాలూకా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. వంతెన దాటితే కాళేశ్వరం, అంటే తెలంగాణ. మా దగ్గర చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది మరాఠీ, బజారులో నడిచేది రెండూ. నేను చంద్రపూర్ వైపు ఒక పాలిటెక్నిక్‌లో సివిల్ డ్రాయింగ్ చెబుతాను. మా బాపు తాపీ మేస్త్రీ. మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాడు కానీ, ఏ ఊరికి పోయినా ముందు గోడల వైపే చూస్తాడు.

ఈ మధ్య బాపునూ, తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డనూ వెంటబెట్టుకుని ముంబై వచ్చాను. బల్లార్షాలో రైలెక్కి, తెల్లవారాక మీ దగ్గర దిగి, రాత్రి దాకా మీ కట్టడాలు, మీ గ్యాలరీలు చూస్తూ తిరిగాం. కడుపు నిండా చూశాం. మా రాష్ట్ర రాజధానిలో ఇంత సంపద ఉందని గర్వంగా అనిపించింది. దానితోపాటు ఒక లోటు కూడా కనిపించింది: వాటిని కట్టిన కూలీల ఊసు లేకపోవడం. పొద్దున రైల్వే స్టేషన్లో మొదలై రాత్రి వరకు ప్రతి చోటా ఎదురైంది. ఆ లోటు తీర్చడం మీ చేతుల్లో ఉన్న పని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ బయటికి వచ్చి, రోడ్డు దాటి, వెనక్కి తిరిగి చూశాం. నా విద్యార్థులకు ఆ భవనం గురించి ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ డిజైన్. 1878లో పని మొదలై పదేళ్ళు సాగింది. మొన తేలిన కమానులు, ఎత్తైన శిఖరాలు ఉండే యూరప్ గోథిక్ పద్ధతికి మన కోటల, గోపురాల పోకడలు కలిపి కట్టారు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. రాతి మీద నెమళ్ళు, కోతులు, పూలు, ఆకుల చెక్కడాల్లో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థుల చేతిపని ఉంది. గేటు స్తంభాల మీద ఒక వైపు సింహం, ఒక వైపు పులి. ముందు గోడ మీద రైల్వే కంపెనీ డైరెక్టర్ల ముఖాలు.

ఇవన్నీ నేను చెబుతుంటే బాపు వినీ విననట్టు ఉన్నాడు. గేటు పక్క రాతి దగ్గరికి పోయి, రాయికీ రాయికీ మధ్య ఉన్న సున్నపు గీత మీద బొటనవేలు పెట్టి, ఆ గీత వెంబడే నడిచాడు. గీత ఎక్కడా లావు కాలేదు, సన్నం కాలేదు. "పని చేసినోడు తొందరపడలే. చేయించినోడు కూడా తొందర పెట్టలే" అన్నాడు. తర్వాత తల ఎత్తి కమాను నడిమధ్య రాయిని చాలాసేపు చూశాడు. "ఈ రాయిని అంత మీదికి ఎట్ల ఎక్కిచ్చిండ్రు? ఎవరు ఎక్కిచ్చిండ్రు?"

పక్కనే ఒక గైడ్ పదిమందికి ఆ భవనం చరిత్ర చెబుతున్నాడు. మంచి గైడ్, విషయం తెలిసిన మనిషి. బాపు ప్రశ్నను హిందీలో అతన్ని అడిగాను. "స్థానిక కూలీలు" అని చెప్పి ముందుకు సాగాడు. అతన్ని తప్పుపట్టడం లేదు. అతని చేతికి వచ్చిన సమాచారంలో అంతకు మించి ఉండి ఉండదు. కానీ ఆ కూలీల్లో చాలామంది స్థానికులు కారు. ఆ సంగతి మీకు తెలుసు, మీ పాత గెజిటీర్లలో, అంటే ప్రాంతాల వివరాలు రాసిన సర్కారు పుస్తకాల్లో, ఉంది.

పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే నిజాం రాజ్యంలోని తెలుగు ఊళ్ళ జనం బొంబాయికి పనికోసం వచ్చారు. పలు కులాల తెలుగు కష్టజీవులను ఈ నగరం ఒక్క పేరుతో కామాఠీలు అని పిలిచింది. ఏడు దీవులను కలుపుతూ గట్లు వేసి, బురదనేలలు పూడ్చి, రోడ్లు వేసి, ఇళ్ళు లేపుతున్న కాలంలో వాళ్ళు గంపలు ఎత్తారు, గోడలు కట్టారు. వాళ్ళు కాపురం పెట్టిన పేటే కామాఠీపురా. ఆ తర్వాత కాలంలో రాయి కొట్టే పనికి, మట్టి పనికి ఈ రాష్ట్రమంతా తిరిగిన వడ్డెరలు ఉన్నారు. మీరు వడార్ అంటారు. వాళ్ళ ఇళ్ళలో ఇవాళ్టికీ తెలుగే. మా వైపు ముసలివాళ్ళు "బొంబాయి పోయిండు" అని చెప్పుకునే మనుషులు ప్రతి వాడలో ఒకరిద్దరు ఉండేవాళ్ళు. కొందరు డబ్బు పంపారు, కొందరు తిరిగి వచ్చారు, కొందరి సంగతి ఎవరికీ తెలియదు.

తెలుగువాళ్ళే కట్టారని నేను అనను. గుజరాత్ నుంచి, కొంకణం నుంచి, గోవా నుంచి, ఇంకా ఎన్నో చోట్ల నుంచి వచ్చిన చేతులు కలిస్తేనే ఆ నగరం లేచింది. నేను అడిగేది అందరి కోసం. మా వాళ్ళ గురించి ఎక్కువ రాస్తున్నానంటే, నాకు తెలిసింది వాళ్ళ గురించి కాబట్టి.

ఆ రోజు సంగతికి వస్తాను. ఫోర్ట్ వీధుల్లో నడుస్తూ ఓవల్ మైదానం చేరుకున్నాం. డ్రాయింగ్ చెప్పేవాడికి అంతకన్నా మంచి తరగతి గది దేశంలో ఇంకోటి ఉండదేమో. మైదానానికి ఒక వైపు 1870ల నాటి గోథిక్ భవనాల వరస, అంటే హైకోర్టు, విశ్వవిద్యాలయం, రాజాబాయి టవర్. రెండో వైపు 1930ల నాటి ఆర్ట్ డెకో ఇళ్ళు, గుండ్రటి బాల్కనీలు, గీత గీసినట్టు సాగే చజ్జాలు, లేత రంగులు. నడుమ పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. ఒక పక్క రాయి, సున్నం. ఇంకో పక్క సిమెంటు, ఇనుము. అరవై ఏళ్ళలో కట్టుబడి ఎంత మారిందో తల అటూ ఇటూ తిప్పితే తెలిసిపోతుంది. 2018లో ఈ రెండు వరసలనూ కలిపి యునెస్కో గుర్తించింది. మా బిడ్డ నోట్‌బుక్ తీసి ఒక పేజీలో టవర్, ఎదుటి పేజీలో గుండ్రటి బాల్కనీ వేసుకుంది. ఎండ పెరిగే దాకా అక్కడే కూర్చున్నాం.

ఆ గోథిక్ వరస ఎలా వచ్చిందో పుస్తకాల్లో ఉంది. అమెరికాలో 1861 నుంచి 1865 వరకు అంతర్యుద్ధం నడిచింది. అక్కడి పత్తి ఇంగ్లండ్ మిల్లులకు అందలేదు. మన పత్తికి గిరాకీ పెరిగి బొంబాయిలో డబ్బు పొంగింది. అదే కాలంలో పాత కోట గోడలు కూల్చి, ఖాళీ అయిన చోట ఈ భవనాలకు ప్లాన్ వేశారు. రాజాబాయి టవర్‌కు డబ్బిచ్చింది పత్తి వ్యాపారంలో ఆరితేరిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. టవర్ పేరు ఆయన తల్లి పేరే. డిజైన్ వేసిన గిల్బర్ట్ స్కాట్ లండన్ మనిషి. 280 అడుగుల ఎత్తున టవర్ 1878 నవంబరులో పూర్తయింది. డబ్బు ఎవరిదో తెలుసు, గీత ఎవరిదో తెలుసు, ఎవరి అమ్మ పేరో కూడా తెలుసు. ఇవన్నీ ఉండాల్సిందే. ఒక్క అక్షరం తీసేయమని నేను అడగను.

ఆ టవర్ మీద పశ్చిమ భారత దేశపు కులాలకు, సమాజాలకు ప్రతీకలుగా ఇరవై నాలుగు శిల్పాలు ఉన్నాయి. ముకుంద్ రామచంద్ర అనే మన ఇంజనీరు వాటికి నమూనాలు చేశాడు. రాతి గోపురం మీద రాజులు, దేవతలు కాకుండా మామూలు మనుషులను నిలబెట్టడం ఎంత గొప్ప ఆలోచన! కానీ కింద నిలబడిన మనిషికి అవి చుక్కల్లా కనబడతాయి. ఎవరు ఎవరో పోల్చుకోలేం. మైదానం వైపు ఫుట్‌పాత్ మీద ఆ శిల్పాల ఫోటోలు పెద్దవిగా వేసి, ఒక్కొక్కరి కింద రెండు మాటలు రాసి పెడితే ఎంత ఖర్చవుతుంది? మెడ నొప్పి పెట్టేలా పైకి చూసిన ప్రతి మనిషికీ దాని విలువ తెలుస్తుంది.

ఆ పక్కనే ఉన్న హైకోర్టు గురించి నా విద్యార్థులకు ఒక లెక్క చెబుతుంటాను, అది మీకూ గుర్తు చేస్తాను. 1871లో మొదలుపెట్టి 1878లో పూర్తి చేశారు. మంజూరైన అంచనా 16,47,196 రూపాయలు. ఖర్చు 16,44,528. అంటే 2,668 రూపాయలు మిగిల్చారు. ఎస్టిమేట్ దాటకుండా పెద్ద భవనం పూర్తి చేయడం ఎంత అరుదో సివిల్ పనిలో ఉన్నవాళ్ళను అడగండి. నాకు కావలసింది ఆ లెక్క వెనక ఉన్నది. చివరి రూపాయి వరకు రాసిపెట్టిన ప్రభుత్వం కూలి లెక్కలు రాయకుండా ఉండదు. బిల్లులు, కాంట్రాక్టర్ల ఒప్పందాలు లేకుండా అంత పని నడవదు. పాత సర్కారు కాగితాలు దాచే మీ రాష్ట్ర అభిలేఖాగారం ఉన్నది కాలా ఘోడాలో, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ భవనంలోనే. జహంగీర్ గ్యాలరీ నుంచి నడిస్తే నాలుగు నిమిషాలు. ఆ కాగితాల్లో వెతికించండి. పబ్లిక్ వర్క్స్ దస్తావేజుల్లో దొరికిన పేర్లు, కూలి రేట్లు, రాయి తెచ్చిన గనుల పేర్లు బయటికి తీసి ఒక ప్రదర్శన పెట్టండి. ఇద్దరు పరిశోధక విద్యార్థులకు ఒక ఏడాది ఫెలోషిప్ ఇచ్చినా ఈ పని మొదలవుతుంది. ఒకరు తెలుగు చదవగలిగినవాళ్ళయితే ఇంకా మంచిది. కుటుంబాల దగ్గర దాచుకున్న పాత ఉత్తరాలు, బాకీ కాగితాలు చాలావరకు తెలుగులోనే ఉంటాయి.

ఆ చరిత్రలో కూలీలు మాత్రమే లేరు. మహాత్మా జోతిరావు ఫులే 1873లో కుల వివక్షను ఎదిరించే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్ళలో తెలుగు కాంట్రాక్టర్లు, తెలుగు పెద్దలు ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు వాళ్ళలో ఒకరు. రాయి కట్టి సంపాదించిన డబ్బులో కొంత మనుషులను నిలబెట్టే పనికి వెళ్ళింది. ఇది మహారాష్ట్ర చరిత్రే కదా. మీ కట్టడాల పక్కన దీనికీ చోటు దక్కాలి.

ఆ తర్వాత ఎం.జి. రోడ్డు మీద న్యూ ఇండియా అస్యూరెన్స్ భవనం ముందు ఆగాం. 1930ల నాటిది. శిల్పి ఎన్.జి. పన్సారే ముందు గోడంతా మనుషులను చెక్కాడు. రైతులు, శ్రమ చేసే ఆడామగా. ఆ రోజు చూసిన గోడలన్నిటిలో మా బాపు ఎక్కువ ఇష్టపడింది దాన్నే. "ఈడ మనోళ్ళున్నరు" అన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ గోడ మీద కనబడిన ఆ గౌరవం మ్యూజియంల లోపల కూడా కనబడాలని మీకు అనిపించడం లేదా?

జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1952లో తెరిచిన ఈ గ్యాలరీలోకి ఎవరైనా పైసా ఇవ్వకుండా నడిచి వెళ్ళవచ్చు. దుర్గా బాజ్‌పేయి డిజైన్, గుమ్మం మీద ముందుకు చాచిన ఆ కాంక్రీటు చజ్జా. బాపు కింద నిలబడి "కింద స్తంభం లేకుండా నిలవెట్టిండ్రు" అని నవ్వాడు. చెప్పులు బయట విడవాలా అని అడిగాడు. అక్కర్లేదని గార్డు ఎంతో మర్యాదగా చెప్పాడు. లోపల ఒక యువ చిత్రకారుడి ప్రదర్శన నడుస్తోంది. బొగ్గుతో వేసిన పెద్ద పెద్ద బొమ్మలు, అన్నీ కట్టుబడి సగంలో ఉన్న అపార్ట్‌మెంట్లవి. వెదురు పరంజా, దాని మీద మనుషులు. చిత్రకారుడు మూలన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

బాపు ఒక బొమ్మ ముందు ఆగిపోయాడు. ముఖం బొమ్మకు జానెడు దూరంలో పెట్టి చూశాడు. తర్వాత ఆ అబ్బాయి దగ్గరికి పోయి, తనకు వచ్చిన హిందీలో, "బాబూ, అడ్డం బొంగు నిలువు బొంగుకు లోపలి వైపు కడతారు. నువ్వు బయటికి వేసినవ్. అట్ల కడితే మనిషి బరువుకు తాడు జారుతది" అన్నాడు. ఆ అబ్బాయి లేచి నిలబడి, బాపును మళ్ళీ బొమ్మ దగ్గరికి తీసుకుపోయి, ముడి ఎలా వేస్తారో చూపించమన్నాడు. బాపు తువ్వాలు తీసి, తన చూపుడువేలినే బొంగుగా పెట్టి, రెండు చుట్లు తిప్పి, ఎదురు మడత వేసి, లాగి చూపించాడు. ఆ అబ్బాయి చిన్న పుస్తకంలో ఆ ముడిని దశలవారీగా గీసుకున్నాడు. చూస్తున్నవాళ్ళు ఇంకో నలుగురు చేరారు.

మీకు నేను అడిగే పని మొత్తం ఆ పది నిమిషాల్లో ఉంది. చూసేవాడికి, వేసేవాడికి, కట్టేవాడికి ముగ్గురికీ ఒకరితో ఒకరికి మాట ఉంది. ఆ మాట జరిగే చోటు మీ దగ్గర ఉంది. మా వాళ్ళు అక్కడి దాకా రాలేకపోతున్నారు, వచ్చినవాళ్ళకు ఇది మీది కూడా అని చెప్పే అక్షరం గోడ మీద లేదు.

నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఎదురుగానే ఉంది. 1911లో కట్టిన సభాభవనాన్ని లోపల మలిచి 1996లో గ్యాలరీగా తెరిచారు. మెట్లెక్కుతూ పోతుంటే అర్ధచంద్రాకారంలో అంతస్తులు ఒకదాని మీద ఒకటి వస్తాయి, చివరికి గుమ్మటం కింద తేలుతాం. పాత పెంకు చెడకుండా లోపల కొత్త భవనం ఎలా ఇమడ్చవచ్చో నా విద్యార్థులకు చూపించాలని గట్టిగా అనిపించింది. అక్కడ నిలబడి మా బిడ్డకు పాకాల తిరుమల్ రెడ్డి గురించి చెప్పాను. గోదావరికి మా అవతలి ఒడ్డున కరీంనగర్ జిల్లాలో 1915లో పుట్టి, జె.జె. స్కూల్లో చదివి, 1940ల మొదట్లో బొంబాయి యువ చిత్రకారుల బృందంలో నిలిచిన మనిషి. మా ఊరి నుంచి గంటల ప్రయాణంలో ఉన్న పల్లె నుంచి ఒకాయన ఇక్కడికి వచ్చి బొమ్మలు వేశాడని తెలిస్తే, బొమ్మలు వేసే పిల్లకు ఎంత ధైర్యం! ఆ పిల్ల మొహం చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయానికి మేం ఇవ్వగలిగింది మధ్యాహ్నం నుంచి మిగిలిన కొద్ది గంటలే. దానికి ఒక పూట ఏ మూలకూ చాలదు. 1905లో శంకుస్థాపన, జార్జ్ విటెట్ డిజైన్, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక ఆసుపత్రిగా వాడకం, 1922లో జనానికి తెరవడం. బిజాపూర్ గోల్ గుంబజ్ పోలికతో కట్టిన ఆ గుమ్మటం కింద నిలబడితే, దక్కన్ ఒకటే ఇల్లు అనిపించింది. మీర్‌పూర్ ఖాస్ మట్టి శిల్పాల దగ్గర, దక్కన్ చిత్రాల దగ్గర కాళ్ళు కదల్లేదు. అక్కడ బాపుకు ప్రతి బోర్డూ నేను చదివి చెప్పాల్సి వచ్చింది. ఆయనకు తెలుగు చదవడం వచ్చు, మరాఠీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. సరిహద్దు జిల్లాల్లో ఆ వయసువాళ్ళు చాలామంది అంతే. బోర్డులన్నీ తెలుగులో రాయమని అడగడం లేదు. ముఖ్యమైన పాతిక ముప్పై వస్తువులకు ఫోన్లో వినే తెలుగు వివరణ ఒకటి చేయించండి. ముంబైలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకూ, సోలాపూర్, నాందేడ్, యవత్‌మాళ్, చంద్రపూర్ నుంచి వచ్చే మా అందరికీ పనికొస్తుంది. చదివి రికార్డు చేయడానికి మా వైపు టీచర్లను నేను ఒప్పిస్తాను, రూపాయి అడగరు.

సాయంత్రం భైఖళా వెళ్ళాం. 1872లో తెరిచిన భావూ దాజీ లాడ్ మ్యూజియం. ఎలిఫెంటాకు ఆ పేరు తెచ్చిన రాతి ఏనుగు అక్కడే బయట నిలబడి ఉంది. ఇంగ్లండ్‌కు తీసుకుపోదామని ఎత్తబోతే ముక్కలైంది, తర్వాత అతికించి నిలబెట్టారు. లోపల బొంబాయి జనాల వేషాలు, వృత్తులు చూపించే చిన్న చిన్న మట్టి బొమ్మలు ఉన్నాయి. గాజు పెట్టెల ముందు మా బిడ్డ కూర్చుండిపోయింది. వేలెడు మనిషి, వాడి చేతిలో గోరంత పనిముట్టు. ఇంత చక్కగా మనుషులను చూసిన మ్యూజియం కాబట్టే, కట్టుబడి వాళ్ళ కోసం ఒక శాశ్వత విభాగం పెట్టడానికి సరైన చోటు అదేనని నా నమ్మకం. అక్కడి నుంచి కామాఠీపురా పెద్ద దూరం కూడా కాదు. బాపు తాపీ, గుండు, మూలమట్టం, రాతి సుత్తి ఇంట్లో భద్రంగా ఉన్నాయి. ఆయన్ని అడిగే రాస్తున్నాను. మీరు విభాగం పెడితే అవి మీవి. వాటితో ఏ గోడ ఎలా కట్టాడో ఆయన గొంతుతోనే రికార్డు చేసి ఇస్తాం.

చీకటి పడుతుండగా కామాఠీపురా వీధి మొదట్లో టాక్సీ ఆపించి కాసేపు నిలబడ్డాం. బాపుకు చూడాలని ఉంది. ఆ పేటను దేశమంతా ఒక్క విషయానికే గుర్తుపెట్టుకుంది. అక్కడ బతికిన, బతుకుతున్న ఆడవాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను. వాళ్ళ చరిత్ర కూడా గౌరవంగా రాయాల్సిందే. కానీ ఆ ఇళ్ళు మొదట ఎవరివో, ఆ నగరం ఇటుకలో వాళ్ళ వాటా ఎంతో చెప్పే బోర్డు ఒక్కటి మాకు కనిపించలేదు. ఇప్పుడు ఆ పేటను కూల్చి కొత్తగా కట్టే ప్రణాళిక నడుస్తోంది. ఉన్నవాళ్ళకు మంచి ఇళ్ళు రావాలి, దానికి అడ్డు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కూల్చే ముందు మాత్రం ఆ వీధులను కొలవండి. చాల్‌లు (ఒకే నడవకు వరసగా గదులుండే అంతస్తుల ఇళ్ళు), మెట్లు, గుళ్ళు, కొయ్య పనితో సహా డ్రాయింగులు తీయండి. పాత కుటుంబాల మాటలు రికార్డు చేయండి. కొలిచే పనికి నా విద్యార్థులు టేపులు పట్టుకుని వస్తారు, బస ఉంటే చాలు. ఇందులో ఆలస్యం పనికిరాదు. మిగతావన్నీ వచ్చే ఏడాది చేసినా నడుస్తాయి, ఇది నడవదు.

మా వైపు చూడదగినవి లేవని మాత్రం అనుకోకండి. వైనగంగ ఒడ్డున మార్కండా గుళ్ళ శిల్పాలు ఏ మ్యూజియానికీ తీసిపోవు. చంద్రపూర్ చుట్టూ గోండు రాజుల కోటగోడ, జట్‌పురా, పఠాన్‌పురా దర్వాజాలు, రాణీ హిరాయి తన భర్త బీర్‌షా కోసం కట్టించిన సమాధి ఉన్నాయి. మా సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర నేలలోంచి తీసిన రాకాసిబల్లి ఎముకలు, బరపాసారస్ అంటారు, కలకత్తాలో అస్థిపంజరంగా నిలబడి ఉన్నాయి. ఊరి పిల్లలు దాన్ని ఫోటోలోనే చూస్తారు. మా వస్తువులు దూరం పోతాయి, మా మనుషులు దూరం పోతారు, తిరిగి వచ్చేదే తక్కువ. ముంబై మాకు వెయ్యి కిలోమీటర్లు దాటి ఉంది. హైదరాబాద్ దగ్గర, కానీ మా రాష్ట్రం ఇదే, మా పన్నులు, మా ఓట్లు ఇక్కడివే.

అందుకే చివరిగా బస్సు సంగతి. వస్తు సంగ్రహాలయం వాళ్ళు 2015 నుంచి చక్రాల మ్యూజియం నడుపుతున్నారు. బస్సులో ప్రదర్శన పెట్టి ఊళ్ళకు, బడులకు తీసుకుపోతారు. చాలా మంచి పని, దాన్ని నడిపేవాళ్ళకు నా దండాలు. దాన్ని మా వైపు పంపండి. ఒకసారి గోథిక్, ఆర్ట్ డెకో భవనాల నమూనాలు, వాటిని కట్టినవాళ్ళ కథ పెట్టి పంపండి. ఇళ్ళు కట్టే పనిలో ఉన్న తండ్రులు, రాత్రి భోజనాల తర్వాత కూడా వచ్చి చూస్తారు కాబట్టి సాయంత్రం వేళ కూడా తెరిచి ఉంచండి.

వానాకాలంలో వద్దు. వాగులు పొంగితే మా రోడ్లు తెగిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు రండి. బల్లార్షా, ఆష్టి, ఆలపల్లి మీదుగా వస్తే బడులు ఎక్కువ తగులుతాయి. ఆలపల్లి తర్వాత రోడ్డు గుంతలతో ఉంటుంది, బరువైన బస్సుకు పగటి పూటే ప్రయాణం మంచిది. సిరొంచలో నిలపడానికి బడి మైదానం ఉంది, కరెంటు పోతే జనరేటర్ మేం చూసుకుంటాం. డ్రైవరుకు, సిబ్బందికి భోజనం, బస మా ఇళ్ళలోనే. ఏ నెలలో వీలవుతుందో జిల్లా విద్యాధికారి కార్యాలయానికి ఒక ఉత్తరం రాస్తే చాలు, తక్కిన బడులతో మేం మాట్లాడుకుంటాం.

ఇట్లు
మీ భవదీయుడు,
సిరొంచకు చెందిన ఒక డ్రాయింగ్ మాస్టారు,
గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర